పదిహేను వందల డ్రైవు, అటక మీది 214 సీడీలు

పెట్టె మీద కంపెనీ పేరు ఉంది గానీ నేను రాయను. ఆన్‌లైన్లో వెతికితే ఇదే నలుపు, ఇదే ఆకారం, ఇదే చిన్న బటను, పేర్లు మాత్రం డజను కనిపిస్తాయి. అచ్చు ఒకటే, స్టిక్కర్లే వేరు. యూఎస్‌బీ వైరుతో ల్యాప్‌టాప్‌కి తగిలించుకునే పల్చటి డీవీడీ రైటర్ ఇది. నాకు 1,549 రూపాయలు పడింది. కొని మూడు నెలలు. ఈ మూడు నెలల్లో దీని నోట్లో 214 సీడీలు పెట్టి తీశాను. పెట్టె విప్పిన రోజే ఐదు స్టార్లు కొట్టేసేవాళ్ళకంటే నాలుగు మాటలు ఎక్కువ చెప్పగలను.

హనుమకొండలో 1999 నుంచి 2013 దాకా మాకో కంప్యూటర్ సెంటర్ ఉండేది. డీటీపీ, జిరాక్స్, లామినేషన్, ప్రాజెక్టు రిపోర్టుల బైండింగ్. 2000లో రైటర్ కొన్నాక బోర్డు మీద అన్నిటికంటే పెద్ద అక్షరాలతో "ఇచ్చట సీడీ రైటింగ్ చేయబడును" అని రాయించాం. మావారు జిరాక్స్ మిషను దగ్గర, నేను కంప్యూటర్ల దగ్గర. అంటే ఈ సీడీల్లో చాలావరకు నా చేత్తో రాసినవే. కొన్న వస్తువు గురించి రాద్దామని కూర్చుంటే, అమ్మిన వస్తువు గురించి కూడా రాయాల్సి వస్తోంది.

ఆగస్టులో డాలస్ నుంచి మా అమ్మాయి ఫోన్ చేసింది. "అమ్మా, నానమ్మ పాడిన బతుకమ్మ పాటలు సీడీ చేశావు కదా, పంపవా? ఇక్కడ ఈసారి అవే పెడదామనుకుంటున్నాం" అంది. మా అత్తమ్మ 2004లో, పండక్కి నెల ముందు, మా సెంటర్లోనే కూర్చుని పాడింది. జిరాక్స్ ఆపేసి, ఫ్యాను ఆపేసి, రెండు వందల రూపాయల మైకు పెట్టి రికార్డు చేశాను. పద్నాలుగు పాటలు. ఆమె పోయి పదకొండేళ్ళు. సీడీ ఉంది, అటక మీద. ఇంట్లో దాన్ని పెట్టడానికే చోటు లేదు. ల్యాప్‌టాప్‌కి డ్రైవు లేదు, కారులో లేదు, టీవీ కింద ఉండే డీవీడీ ప్లేయర్ని ఎప్పుడో పాత సామాను వాడికి వేశాం.

ముందు చౌరస్తా దగ్గర కంప్యూటర్ షాపుకే వెళ్ళాను. కుర్రాడు నన్ను ఎగాదిగా చూసి, "డీవీడీ డ్రైవా మేడమ్? అడిగేటోళ్ళే లేరు. పాత ల్యాప్‌టాప్‌ల నుంచి ఒకటి ఊడదీసి ఇస్త, నడిస్తే మీ అదృష్టం" అన్నాడు. ఆ అదృష్టం మీద ఐదు వందలు పెట్టడం ఇష్టం లేక ఆన్‌లైన్లో ఆర్డర్ చేశాను.

చేతికి తీసుకుంటే వస్తువు తేలిక. అంతా ప్లాస్టిక్కే, బొమ్మలా ఉంటుంది. కేబుల్ అడుగున గాడిలో ఇమిడిపోతుంది, ఆ ఆలోచన బాగుంది. కానీ జానెడే పొడవు, ల్యాప్‌టాప్ పక్కనే అతుక్కుని కూర్చోవాలి. బటన్ నొక్కితే ట్రే పాత డెస్క్‌టాప్ డ్రైవుల్లా హుందాగా బయటికి రాదు. స్ప్రింగు వదిలినట్టు అంగుళం దూకి ఆగుతుంది, మిగతాది మనం లాగాలి. సీడీని మధ్య గుండీ మీద పెట్టి టక్కుమనేదాకా నొక్కాలి. నొక్కేటప్పుడు ట్రే కింద రెండో చెయ్యి ఆనించండి. నేను మొదటి వారం అలా చేయలేదు, ఇప్పుడు ట్రే ఎడమవైపు కొంచెం కిందికి వాలింది.

పెట్టె మీద "యూఎస్‌బీ 3.0, సూపర్ స్పీడ్" అని రాశారు. దానికోసం వంద రూపాయలు ఎక్కువ పెట్టే పని లేదు. సీడీలో ఒక ఎక్స్ అంటే సెకనుకు 150 కేబీ. ఈ డ్రైవు సీడీని గరిష్ఠంగా 24 ఎక్స్‌తో చదువుతుంది, అంటే సెకనుకు 3.6 ఎంబీ. అదీ అంచు దగ్గరికి వచ్చాకే, లోపలి వైపు ఇంకా తక్కువ. పాత యూఎస్‌బీ 2.0కే ఇది చీమంత పని. 3.0కి గుర్తుగా ప్లగ్గు లోపల నీలం రంగు వేసినంత మాత్రాన సీడీ వేగంగా తిరగదు.

అసలు చూసుకోవాల్సింది కరెంటు. దీనికి వేరే అడాప్టర్ లేదు, ల్యాప్‌టాప్ నుంచే తాగాలి. సీడీ తిరగడం మొదలుపెట్టే క్షణంలో ఎక్కువ తాగుతుంది. ఒకే పోర్టుకి చాలా వస్తువులు తగిలించుకునే హబ్బు ఒకటి ఉంది నా దగ్గర, మౌస్, కీబోర్డ్ ఉన్న ఆ హబ్బుకే దీన్నీ తగిలించాను. టిక్, టిక్ అంటుంది, లైటు వెలుగుతుంది, ఆరుతుంది, మళ్ళీ టిక్. సీడీ పాడైందనుకున్నాను. రెండు సీడీలు, మూడు సీడీలు, అన్నిటికీ అదే టిక్కు. తిరిగి పంపేద్దామని మళ్ళీ ప్యాక్ కూడా చేశాను. పద్నాలుగేళ్ళు కంప్యూటర్ సెంటర్ నడిపిన మనిషిని, హబ్బు తీసి నేరుగా పెట్టి చూడాలని మర్నాటికి గానీ తట్టలేదు. నేరుగా పెడితే నోరెత్తకుండా చదివింది. రివ్యూల్లో "పని చేయట్లేదు, వేస్ట్" అని ఒక్క స్టారు ఇచ్చినవాళ్ళలో సగం మంది గొడవ ఇదే అయి ఉంటుందని నా అనుమానం.

అత్తమ్మ పాటల సీడీ రెండు కాపీలు చేశాను. ఒకటి మంచిది. అప్పట్లో అరవై రూపాయలు పెట్టి విడిగా పెట్టెలో కొన్న బంగారు రంగు సీడీ. మీద బాల్ పెన్నుతో పాటల వరస రాసి, ఆ పైన అత్తమ్మ ఫొటో ప్రింటు తీసి గుండ్రంగా కత్తిరించి అతికించాను. రెండోది పది రూపాయల సీడీ, యాభై సీడీల బొత్తిలోంచి తీసింది, ఉత్త కాగితం కవర్లో. మంచిది అటక మీద అట్టపెట్టెలో జాగ్రత్తగా పెట్టాం. రెండోది ఎక్కడుందో కూడా గుర్తు లేదు.

మంచిదాన్ని డ్రైవులో పెట్టాను. బల్ల మొత్తం గుయ్యిమంది. అతికించిన కాగితం ఒకవైపు ఉబ్బింది, బరువు ఒకపక్కకి లాగి సీడీ ఊగుతోంది. నాలుగు పాటలు వచ్చాయి. ఐదో పాటలో కరకరమని శబ్దం, ఆరు నుంచి ఏమీ లేదు. బయటికి తీసి వెలుతురుకి పెట్టి చూస్తే, నా బాల్ పెన్ను గీతలు వెనక నుంచి మెరుపు మీద సన్నటి దారుల్లా కనిపిస్తున్నాయి. లేబుల్ ఊడదీద్దామని గోరు పెట్టాను. కాగితంతో పాటు మెరుపు కూడా పొరలా లేచి వచ్చింది. అక్కడితో ఆపేశాను.

ఈ సంగతి నాకు తెలియనిది కాదు. సెంటర్లో పిల్లలకు పాఠం చెప్పేదాన్ని. సీడీ మందం 1.2 మిల్లీమీటర్లు, దాదాపు అంతా ప్లాస్టిక్కే. సమాచారం ఉండేది మనం గీతలు పడకుండా కాపాడుకునే మెరిసే అడుగు వైపు కాదు, బొమ్మ ఉండే పై వైపు. రాసే సీడీలో అక్కడ రంగు పొర, దాని మీద అద్దంలాంటి లోహం పొర, దాని మీద వార్నిషు పూత, అంతే. అడుగున గీత పడితే కిటికీ అద్దం మీద గీత పడినట్టు, తుడవచ్చు, పాలిష్ పట్టవచ్చు. పైన గీత పడితే గోడే కూలినట్టు. డీవీడీలో ఆ పొరని రెండు ప్లాస్టిక్ బిళ్ళల మధ్య పెట్టారు కాబట్టి దానికి ఈ బాధ తక్కువ. ఇదంతా బోర్డు మీద బొమ్మ వేసి చెప్పిన నేనే, మా అత్తమ్మ పాటల మీద బాల్ పెన్ను నొక్కి నొక్కి రాశాను. ముత్యాల్లాంటి అక్షరాలు మరి.

అప్పట్లో పెట్టెల మీద "వందేళ్ళ మన్నిక" అని ఉండేది. మేమూ అదే చెప్పి అమ్మాం. "క్యాసెట్ బూజు పడుతుందమ్మా, సీడీ అయితే మీ మనవల దాకా ఉంటుంది." ఎంతమందికి చెప్పానో.

ఆ రోజుల్లో ఆ మాట అబద్ధమని ఎవరికీ అనిపించలేదు. 1998లో నేను కోర్సు నేర్చుకునేటప్పుడు మా ఇన్‌స్టిట్యూట్‌లో ఒక్క సిస్టానికే సీడీ డ్రైవు ఉండేది, దానికి సర్ తాళం వేసేవారు. ఫ్లాపీలో 1.44 ఎంబీ పట్టేది. సీడీలో 650. అంటే నాలుగు వందల యాభై ఫ్లాపీలు ఒక చక్రంలో. ఎన్‌కార్టా అనే విజ్ఞాన సర్వస్వం సీడీ పెట్టి చూపించినప్పుడు క్లాసంతా లేచి నిలబడింది. ఫిలిప్స్, సోనీ కలిసి చేసిన ఆ చక్రం 1982 అక్టోబరులో జపాన్‌లో పాటలకోసం బజారుకి వచ్చింది. కంప్యూటర్లలోకి రావడం, అక్కడి నుంచి మన దాకా చేరడం, ఇదంతా అయ్యేసరికి మాకు పదహారేళ్ళు పట్టింది. మాకు కొత్త, వాళ్ళకు అప్పటికే నడివయసు.

రైటర్ కొనడానికి సికింద్రాబాద్ వెళ్ళాం, చినాయ్ ట్రేడ్ సెంటర్‌కి. నాలుగు ఎక్స్ రైటర్, పదకొండు వేలు. నా గాజుల్లో రెండు బ్యాంకులో పెట్టి తెచ్చుకున్న డబ్బు. దాన్ని పసిపిల్లలా ఒళ్ళో పెట్టుకుని కృష్ణా ఎక్స్‌ప్రెస్‌లో వచ్చాను. నాలుగు ఎక్స్ అంటే ఒక సీడీ రాయడానికి ఇరవై నిమిషాలు. ఆ ఇరవై నిమిషాలు ఆ కంప్యూటర్ని ఎవరూ ముట్టుకోకూడదు. స్క్రీన్ సేవర్ తీసేసేదాన్ని. డేటా అందడం ఒక్క క్షణం ఆలస్యమైతే సీడీ అక్కడితో చచ్చినట్టే, అరవై రూపాయలు పోయినట్టే. ఎలా ఉండేదంటే, రైటింగ్ నడుస్తుంటే మావారు జిరాక్స్ మిషను ఆన్ చేసే ముందు "చెయ్యనా?" అని అడిగేవారు, లోడు పడి కరెంటు కొట్టుకుంటుందేమోనని. తర్వాత వచ్చిన రైటర్లలో ఆ బాధ తీరింది. మధ్యలో డేటా ఆగితే రాయడం ఆపి, మళ్ళీ అక్కడి నుంచే అందుకునే ఏర్పాటు వచ్చింది. కానీ టెన్షన్ మాత్రం నాకు పోలేదు. ఇప్పుడీ డ్రైవులో సీడీ తిరుగుతుంటే కూడా చెయ్యి మౌస్ మీంచి తీసేసి కూర్చుంటున్నాను.

మా గిరాకీలో ఎక్కువ మంది ఇంజనీరింగ్ పిల్లలు. ప్రాజెక్టు రిపోర్టు బైండింగ్ వెనక అట్టకి కవరు అతికించి అందులో సీడీ పెట్టి ఇవ్వాలి, అలా ఉంటేనే కాలేజీలో తీసుకునేవారు. ఆ సీడీ తెరిచి చూసిన సారు ఒక్కరు కూడా ఉండరని పిల్లలే అనేవారు. ఒకడైతే "మేడమ్, ఖాళీది పెట్టెయ్యండి, పది తగ్గించండి" అని బేరమాడాడు. నేను రాసే ఇచ్చాను. రెండు ఖాళీవి కూడా ఇచ్చి ఉంటాను, అబద్ధం ఎందుకు.

డ్రైవు సంగతికి వస్తాను. అటక మీది 214 సీడీల్లో 61 కంపెనీ అచ్చువి: పాటలు, సినిమాల వీసీడీలు, సాఫ్ట్‌వేర్లు, డిజిట్ అనే కంప్యూటర్ పత్రికతో ఉచితంగా వచ్చినవి. వీటిలో 58 నిన్న కొన్నట్టు చదివింది. పోయిన మూడూ మధ్య రంధ్రం దగ్గర పగిలినవే. అచ్చు సీడీలో సమాచారం ప్లాస్టిక్‌లోనే గుంటలుగా ఒత్తి ఉంటుంది, వెలిసిపోవడానికి ఏమీ లేదు. మిగతా 153 మేం రాసినవి. రాసే సీడీలో గుంటలుండవు. రంగు పొర మీద లేజరుతో కాల్చిన మచ్చలుంటాయి. రంగు అంటే ఎండకి, వేడికి వెలిసేదే కదా. మా వరంగల్‌లో ఎండాకాలం నలభై నాలుగు, నలభై ఐదు డిగ్రీలు, స్లాబు కింద అటక మీద ఇంకెంతో. ఇరవై వేసవులు. అయినా 109 పూర్తిగా వచ్చాయి. నేనైతే సగం కూడా ఆశించలేదు. 27 సగం సగం, 17 అసలు లేవు. సగం వచ్చినవాటిలో పోయింది దాదాపు ఎప్పుడూ చివరిదే. సీడీ లోపలి నుంచి బయటికి రాస్తుంది, పాడవడం మాత్రం అంచు నుంచి మొదలవుతుంది. అంచు దాకా కుక్కి నింపినవాటికి దెబ్బ పడింది. మేం పొదుపు కోసం అన్నిటినీ అంచు దాకా కుక్కేవాళ్ళం.

ఈ 27 సీడీలతోనే నెలన్నర గడిచింది. విండోస్‌లో మామూలుగా కాపీ చేస్తే తొంభై శాతం దాకా వెళ్ళి "సైక్లిక్ రిడండెన్సీ చెక్" అని ఒక ఎర్రర్ చూపించి, అప్పటిదాకా చదివింది కూడా పారేస్తుంది. దాంతో పెట్టుకోకండి. డీడీరెస్క్యూ అని లైనక్స్‌లో ఉచిత ప్రోగ్రాం ఉంది. అది ముందు సులువుగా వచ్చేదంతా తీసుకుని, రాని ముక్కలు ఎక్కడున్నాయో చిట్టా రాసుకుని, మళ్ళీ వాటి దగ్గరికి వెళ్తుంది. ఇంకా గొప్ప సంగతి, ఆ చిట్టా ఉంచుకుని అదే సీడీని వేరే డ్రైవులో పెడితే మిగిలిన ముక్కలకోసమే ప్రయత్నిస్తుంది. స్టోర్ రూములో మా సెంటర్ చివరి డెస్క్‌టాప్ ఉంది, దానిలో పాత రైటర్. ఆశ్చర్యం ఏమిటంటే ఈ కొత్త డ్రైవు చేతులెత్తేసిన చోట ఆ ముసలి డ్రైవు చదివింది, అది చదవలేని చోట ఇది చదివింది. అలా తొమ్మిది సీడీలు పూర్తిగా బయటపడ్డాయి. ఒక్క డ్రైవు చదవలేదని సీడీని పారేయకండి.

ఇంకో మాట, మా మరిదిలాంటివాళ్ళ కోసం. ఆయన నా డ్రైవు ఒక రోజు తీసుకెళ్ళి, పాటల సీడీలన్నీ పెన్‌డ్రైవ్‌లోకి "రెండు నిమిషాల్లో" కాపీ చేసుకుని, "వదినా, అయిపోయింది" అని తెచ్చిచ్చాడు. పెన్‌డ్రైవ్‌లో ఉన్నవి పాటలు కావు. ట్రాక్01, ట్రాక్02 అంటూ ఒక్కో కేబీ కూడా లేని గుర్తులు. పాటల సీడీలో ఫైళ్ళుండవు, కాపీ చేస్తే రావు. ప్రోగ్రాంతో పాటల్ని ఫైళ్ళుగా మార్చి తీసుకోవాలి, దాన్నే రిప్ చేయడం అంటారు. అలాగే సీడీ పెడితే నలభై ఫొటోలే కనిపిస్తే కంగారు పడకండి. ఒకే సీడీలో నాలుగుసార్లు విడివిడిగా రాసి, పాతదాన్ని కలుపుకోవడం మరిచిపోతే విండోస్ చివరిది మాత్రమే చూపిస్తుంది. ఐసోబస్టర్‌లాంటి ప్రోగ్రాంలో తెరిస్తే వెనకవి కూడా కనిపిస్తాయి. మా పెద్దాడపడుచు సీమంతం ఫొటోలు అలాగే దొరికాయి.

వీసీడీల విషయంలో ఆశలు పెట్టుకోకండి. చదువుతుంది, బొమ్మ వస్తుంది. 352 చుక్కల వెడల్పు, 288 చుక్కల ఎత్తు. ఇప్పటి యాభై ఐదు అంగుళాల టీవీలో అది ముగ్గుపిండితో గీసినట్టు ఉంటుంది. డ్రైవు తప్పు కాదు. అప్పట్లో ఇరవై ఒక్క అంగుళాల టీవీ ముందు పదిహేను మంది కూర్చుని, "థియేటర్లో ఉన్నట్టే ఉంది" అనుకుంటూ చూశాం. గంటకి పైగా నడిచి సినిమా ఆగిపోయేది, ఎవరో ఒకరు లేచి రెండో సీడీ పెట్టాలి. మా ఇంట్లో అదే ఇంటర్వెల్, టీ పెట్టే టైము.

ఆ వీసీడీలు అద్దెకిచ్చే షాపు మాకు ఎదురుగానే ఉండేది. రోజుకి పది రూపాయలు. 2007లో మోసర్‌బేర్ కంపెనీ వీసీడీ 28 రూపాయలకి, డీవీడీ 34కి అమ్మడం మొదలుపెట్టినప్పుడు ఆ షాపాయన మా దగ్గరికి వచ్చి, "మూడు రోజుల అద్దెకి సీడీయే వస్తే నా దగ్గరికి ఎవరొస్తరు?" అన్నాడు. ఆ ఏడాది చివరికి మొబైల్ రీచార్జ్ షాపు పెట్టుకున్నాడు. నేను నవ్వుకున్నాను, నా వంతు రాలేదు కదా. పెన్‌డ్రైవులు చవకై కాలేజీ పిల్లలు జేబులో పెట్టుకు తిరగడం మొదలయ్యాక రైటింగ్ సగమైంది. తర్వాత ఫోన్లలో మెమరీ కార్డులు. "అక్కా, చిప్‌లో పాటలు ఎక్కియ్యి" అని వచ్చేవాళ్ళు. రైటింగ్ మీద వచ్చే డబ్బు కొన్నాళ్ళు చిప్పుల మీద వచ్చింది. మేం మూసేశాక ఆ చిప్పుల పని చేసేవాళ్ళు ఇంకో మూడేళ్ళు నడిపారు, 2016లో జియో వచ్చి వాళ్ళ పనీ అయిపోయింది. అంత చవకగా అందరి ఇళ్ళకీ సీడీలు చేర్చిన మోసర్‌బేర్ 2018లో దివాలా తీసి అమ్మకానికి వెళ్ళింది. రాసే సీడీని మొట్టమొదట తయారు చేసిన జపాన్ కంపెనీ తైయో యుడెన్ అయితే 2015 చివర్లోనే ఆ తయారీ ఆపేసింది. మా షాపులో మిగిలిన ఖాళీ బొత్తి ఒకటి ఇప్పటికీ ఉంది, సీలు తీయలేదు.

సీడీ అనే మాట మాత్రం పోలేదు. మొన్న బంధువుల పెళ్ళికి వెళ్తే ఫొటోగ్రాఫర్ని పెళ్ళికూతురి తల్లి అడుగుతోంది, "పెళ్ళి సీడీ ఎప్పుడిస్తావు బాబూ?" అని. అతను ఇచ్చేది పెన్‌డ్రైవే.

అత్తమ్మ పాటల రెండో కాపీ దొరికింది. అటక మీద కాదు, ఆమె బీరువాలో, పట్టుచీరల మడతల మధ్య. తన పాటలున్న సీడీ అని ఆమే తీసి అక్కడ పెట్టుకుని ఉంటుంది. ఆమెకు సీడీ పెట్టడం రాదు, ఎప్పుడూ పెట్టుకోలేదు కూడా. మీద ఏమీ రాయలేదు, లేబుల్ లేదు, చీకట్లో, చల్లగా ఉంది. కర్పూరం బిళ్ళల వాసన. డ్రైవులో పెడితే చప్పుడే లేదు. పద్నాలుగు పాటలూ వచ్చాయి. పదకొండో పాటలో ఒక చోట చిన్న టప్పుమన్న శబ్దం ఉంది. సీడీ పాడై వచ్చిందనుకుని రెండుసార్లు రిప్ చేశాను. తర్వాత గుర్తొచ్చింది, అది అత్తమ్మ చెయ్యి బల్లకి తగిలిన చప్పుడు. పాడుతూ వరస కోసం తడుతుంటే, నేనే సైగ చేసి ఆపాను.

మా అమ్మాయికి పంపాను. అక్కడ సద్దుల బతుకమ్మ రోజు పెట్టారట. ఆ తట్టిన చప్పుడు దగ్గర పిల్లలు కూడా ఒకసారి చప్పట్లు కొట్టారని చెప్పింది.

ఇక కొనాలా వద్దా. మీ ఇంట్లో రాసిన సీడీలు పదికి పైగా ఉంటే కొనండి, ఆలస్యం చేయకండి. నాలుగైదే ఉంటే తెలిసినవాళ్ళ దగ్గర అడిగి తెచ్చుకోండి, మా వీధిలో అందరూ నా దగ్గరికే వస్తున్నారు. వరసగా ఆరేడు సీడీలు పెడితే వేడెక్కుతుంది, అరగంట ఆపండి. సీడీ తుడిచేటప్పుడు గుండ్రంగా తిప్పి తుడవకండి, మధ్య నుంచి అంచుకి తిన్నగా తుడవండి. గుండ్రంగా పడిన గీత ఒకే చోటి సమాచారాన్ని పొడవునా తినేస్తుంది, అడ్డంగా పడితే డ్రైవు సర్దుకుంటుంది. కాగితం లేబుల్ ఉన్నవి, పగులు ఉన్నవి అసలు పెట్టకండి. దీనితో కొత్తగా సీడీలు రాయవచ్చు కూడా, నేను ప్రయత్నించలేదు. ట్రే వాలినందుకు, కేబుల్ పొట్టిగా ఉన్నందుకు ఒక స్టారు తీసేసి నాలుగిస్తున్నాను.

మేం రాసినవాటిలో చివరికి చదవని సీడీలు పదిహేడు మిగిలాయి. పారేయబుద్ధి కాక, మెరుపు లేచిపోయిన అత్తమ్మ పాటల సీడీని కూడా కలిపి, వెనక జామచెట్టుకి దారాలు కట్టి వేలాడదీశాను, చిలకలు రాకుండా. చేనులో జొన్నకి అలాగే కడతారు కదా. రెండు రోజులు రాలేదు. మూడో రోజు పొద్దున్నే ఒకటి వచ్చి ఆ అరవై రూపాయల బంగారు రంగు సీడీ పక్కన కొమ్మ మీద వాలి, దానిలో తన మొహం చూసుకుంటూ దోరకాయ మొత్తం తినేసి వెళ్ళింది. ఆ పనికి మాత్రం ఒక్క స్టారే.